నాలుగు మందులకు ఒకేసారి నిరోధకత ఎలా వచ్చింది? బాక్టీరియాల మధ్య జన్యువుల రాకపోకలపై చర్చ

నాగావళి

ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రంలో బాక్టీరియా పాఠం చెప్పే అధ్యాపకులందరికీ తెలిసిన ఇబ్బంది ఒకటి ఉంది. సంయుగ్మం (కణాలు ఒకదానినొకటి తాకి డీఎన్ఏను అందించుకోవడం), జన్యు పరివర్తన (చుట్టూ ఉన్న డీఎన్ఏను కణం లోపలికి తీసుకోవడం), జన్యు వహనం (వైరస్ ద్వారా జన్యువులు చేరడం) అనే మూడింటినీ మనం లైంగిక ప్రత్యుత్పత్తి అనే శీర్షిక కింద చెప్పి ముగిస్తాం. 1928లో గ్రిఫిత్ న్యుమోనియా కలిగించే బాక్టీరియాతో ఎలుకలపై చేసిన ప్రయోగాన్నీ, 1946లో లెడర్‌బర్గ్, టాటమ్‌లు ఇ. కోలై అనే పేగు బాక్టీరియాలో సంయుగ్మాన్ని కనుగొన్న సంగతినీ, 1952లో జిండర్, లెడర్‌బర్గ్‌లు సాల్మొనెల్లాలో వైరస్ ద్వారా జన్యువులు చేరవేతకు గురవుతాయని చూపిన సంగతినీ విద్యార్థులు పేర్లతో, సంవత్సరాలతో సహా అప్పజెబుతారు. అయితే ఈ మూడింటిలో దేనివల్లా కణాల సంఖ్య పెరగదు. ఉన్న కణంలోకే కొత్త డీఎన్ఏ వచ్చి చేరుతుంది. తరువాత పరిణామం పాఠానికి వచ్చేసరికి ఉత్పరివర్తనలు (డీఎన్ఏలో వచ్చే మార్పులు), ప్రకృతి వరణం అని చెబుతాం తప్ప, ముందు చెప్పిన ఈ మూడు ప్రక్రియలను అక్కడ తిరిగి తలచుకోం.

మా తరగతిలో ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నను ఇక్కడ ఉంచుతున్నాను. ఒక మందును తట్టుకునే ఉత్పరివర్తన పది కోట్ల కణాలలో ఒకదానికి వస్తుందని అనుకుందాం. నాలుగు వేర్వేరు మందులను తట్టుకునే ఉత్పరివర్తనలు ఒకే కణంలో ఒకేసారి రావాలంటే ఆ సంభావ్యతలన్నిటినీ గుణించాలి. అప్పుడు ఒకటి పక్కన 32 సున్నాలు పెట్టినన్ని కణాలలో ఒకదానికి ఆ అవకాశం దక్కుతుంది. "అన్ని బాక్టీరియాలు భూమి మీద ఉన్నాయా, మేడమ్?" అని ఆ అమ్మాయి అడిగింది. మరి ఆసుపత్రులలో నాలుగైదు మందులకు లొంగని బాక్టీరియా అంత తరచుగా ఎలా కనిపిస్తోంది? పాఠ్యపుస్తకం దాటి, పరిశోధనల ఆధారంగా దీనిని వివరించగలవారు ఉంటే చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సూక్ష్మదర్శిని

నాగావళి గారూ, ఆ అమ్మాయి లెక్క సరిగ్గానే ఉంది. భూమి మీదున్న బాక్టీరియా, ఆర్కియా కణాలన్నిటికీ కలిపి 1998లో వేసిన అంచనా సుమారు ఐదు పక్కన 30 సున్నాలు. అంటే మీ విద్యార్థిని చెప్పిన కణం కోసం భూగోళమంతా వెదికినా ఒక్కటి దొరకడం కూడా అనుమానమే. మందులను ఒకదాని తరువాత ఒకటిగా వాడినప్పుడు ఉత్పరివర్తనలు కూడా ఒకదాని మీద ఒకటి పోగుపడే అవకాశం ఉంటుంది. క్షయ బాక్టీరియాలో నిరోధకత ఆ విధంగానే పెరుగుతుంది. కానీ 1950లలో జపాన్‌లో కనిపించినదానిని ఆ మార్గం వివరించలేకపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత జపాన్‌లో రక్త విరేచనాల రోగం తీవ్రంగా ఉండేది. దానికి మొదట సల్ఫోనమైడ్‌లు వాడారు. అవి పనిచేయడం తగ్గాక స్ట్రెప్టోమైసిన్, క్లోరామ్‌ఫెనికాల్, టెట్రాసైక్లిన్ వచ్చాయి. 1950ల మధ్య నుంచి ఆ రోగాన్ని కలిగించే షిగెల్లా అనే బాక్టీరియా ఈ నాలుగింటికీ లొంగని రూపంలో రోగుల మలంలో కనబడసాగింది. పరిశోధకులను ఆశ్చర్యపరచినది నిరోధకత రావడం కాదు, అది వచ్చిన తీరు. ఒకే రోగిలో, ఒకే రకం షిగెల్లాలో, కొన్ని కణాలు నాలుగు మందులకూ లొంగేవి, మరికొన్ని నాలుగింటికీ లొంగనివి. పైగా అదే రోగి పేగులోని హానిచేయని ఇ. కోలై కూడా ఆ నాలుగింటినే తట్టుకుంటోంది. రెండు వేర్వేరు జాతులలో అవే నాలుగు ఉత్పరివర్తనలు విడివిడిగా వచ్చాయని నమ్మడం కష్టం. ఒచియాయి బృందం, అకిబా బృందం వేర్వేరుగా పనిచేసి, నిరోధకత గల ఇ. కోలైని, మందులకు లొంగే షిగెల్లాతో కలిపి పెంచితే నాలుగు నిరోధకతలూ కలిసికట్టుగా రెండోదానికి దాటుతాయని 1959లో చూపాయి. సుతోము వతనబే 1963లో ఈ పనిని ఆంగ్లంలో సమీక్షించే వరకు జపాన్ బయట దీనిని పట్టించుకున్నవారు తక్కువ.

ఆ కాలపు షిగెల్లా నుంచి వేరుచేసిన ఆర్100 అనే ప్లాస్మిడ్‌ను విప్పి చూస్తే మీ విద్యార్థిని ప్రశ్నకు సమాధానం దాని నిర్మాణంలోనే ఉంది. ప్లాస్మిడ్ అంటే క్రోమోజోమ్‌తో నిమిత్తం లేకుండా తన ప్రతిని తానే తయారుచేయించుకునే డీఎన్ఏ వలయం. ఆర్100కి పక్క కణంలోకి దాటడానికి కావలసిన జన్యువులన్నీ సొంతంగా ఉన్నాయి. దాని మీద ఒకచోట టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే జన్యువుతో టిఎన్10 అనే ట్రాన్స్‌పోజాన్ కూర్చుని ఉంది. ట్రాన్స్‌పోజాన్ తనంతట తాను కణం దాటలేదు, కానీ ఒక డీఎన్ఏ నుంచి మరో డీఎన్ఏ మీదికి దూకగలదు. మరొకచోట క్లోరామ్‌ఫెనికాల్ జన్యువుకు అటూ ఇటూ ఐఎస్1 అనే చిన్న చొరబాటు వరుసలు రెండు ఉన్నాయి. ఆ రెంటి మధ్యలోనే టిఎన్21 అనే ఇంకో ట్రాన్స్‌పోజాన్ దూరింది. అది పాదరసాన్ని తట్టుకునే జన్యువులను మోస్తూ, తన లోపల ఒక ఇంటెగ్రాన్‌ను, అంటే విడి జన్యువులను పట్టి వరుసగా పేర్చుకునే డీఎన్ఏ భాగాన్ని, దాచుకుంది. సల్ఫోనమైడ్, స్ట్రెప్టోమైసిన్ జన్యువులు ఆ ఇంటెగ్రాన్‌లో ఉన్నాయి. ఇవన్నీ ఏ కాలంలో, ఏ కణాలలో ఒకదానిలో ఒకటి చేరాయో గానీ, షిగెల్లాకు మాత్రం ఒక్క సంయుగ్మంతో మొత్తం దక్కింది. కాబట్టి నాలుగు సంభావ్యతలను గుణించవలసిన పని లేదు. ఒక ప్లాస్మిడ్ దాటే సంభావ్యత ఒక్కటే లెక్కలోకి వస్తుంది.

సందేహి

నేను జీవశాస్త్రం చదివినవాడిని కాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పైన చెప్పినది అర్థమైంది: సంచిలో సరుకు, ఆ సంచి ప్రయాణికుడి చేతిలో, ప్రయాణికుడు బస్సులో. కానీ రెండు అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, ఉన్న జన్యువు ఒకచోటి నుంచి మరోచోటికి పోతే దానిని పరిణామం అని ఎలా అంటారు? కొత్తది ఏమీ పుట్టలేదు కదా. రెండవది, స్ట్రెప్టోమైసిన్ మట్టిలోని సూక్ష్మజీవి తయారుచేసే పదార్థం కాబట్టి దానికి విరుగుడు కూడా మట్టిలో ముందే ఉందంటే ఒప్పుకుంటాను. సిప్రోఫ్లాక్సాసిన్ మనిషి ప్రయోగశాలలో తయారుచేసిన మందు. దానిని తట్టుకునే జన్యువు ప్రకృతిలో ముందే ఎలా ఉంటుంది?

సూక్ష్మదర్శిని

సందేహి గారూ, మీ పోలికలో ఒక్క సవరణ అవసరం: ఇక్కడ ప్రయాణికుడు నడుస్తున్న బస్సులోంచి పక్క బస్సులోకి దూకుతాడు, దూకుతూ తన నకలును మొదటి బస్సులోనే వదిలి వెళ్లే రకాలు కూడా ఉన్నాయి.

మీ రెండో ప్రశ్ననే చాలా కాలం నిపుణులు కూడా వేసుకున్నారు. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి క్వినోలోన్ మందులు కృత్రిమమైనవి గనుక ప్లాస్మిడ్ ద్వారా వాటికి నిరోధకత రాదని, క్రోమోజోమ్‌లో ఉత్పరివర్తనలు వస్తేనే వస్తుందని నమ్మేవారు. 1998లో మార్టినెజ్-మార్టినెజ్, పాస్కువల్, జాకబీ అనే ముగ్గురు అమెరికాలోని అలబామాలో దొరికిన క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాలో క్వినోలోన్ నిరోధకతను మోసే ప్లాస్మిడ్‌ను చూపారు. క్యుఎన్ఆర్ అని పేరు పెట్టిన ఆ జన్యువు కుటుంబంలోని ఒక శాఖకు మూలం షెవనెల్లా ఆల్గే అనే నీటి బాక్టీరియా క్రోమోజోమ్‌లో ఉన్నట్టు తరువాత తేలింది. ఆ నీటి జీవికి సిప్రోఫ్లాక్సాసిన్‌తో ఏనాడూ పనిలేదు. ఆ ప్రోటీన్ డీఎన్ఏ మెలికలు విప్పే ఎంజైమ్‌కు అంటుకుని దానిని కాపాడుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ దాడి చేసేది కూడా సరిగ్గా ఆ ఎంజైమ్ మీదనే. వేరే అవసరానికి ఉన్న జన్యువు, చోటు మారి, గట్టిగా చదివించే ప్రమోటర్ (జన్యువును చదవడం మొదలుపెట్టించే డీఎన్ఏ వరుస) చేతికి చిక్కి, కొత్త పనికి అక్కరకొచ్చింది.

దీనిలోనే మీ మొదటి అభ్యంతరానికి కూడా జవాబు ఉందని నా అభిప్రాయం. జన్యువు అక్షరం మారకపోయినా, అది ఏ కణంలో, ఏ ప్రమోటర్ పక్కన, ఏ ఇతర జన్యువులతో కలిసి ఉందన్నది మారితే ఆ జీవి లక్షణం మారుతుంది, ఆ లక్షణం సంతతికి పోతుంది, వరణం దాని మీద పనిచేస్తుంది. పరిణామానికి ఇంతకు మించి కావలసినది లేదు. ఇక నిరోధక జన్యువులు ఎంత పాతవని అడిగితే, కెనడా ఉత్తర ప్రాంతంలోని 30,000 ఏళ్ల నాటి గడ్డకట్టిన నేలలో బీటా-లాక్టమ్ (పెన్సిలిన్ కుటుంబం), టెట్రాసైక్లిన్, వాంకోమైసిన్ మందులను తట్టుకునే జన్యువులు ఉన్నాయని 2011లో ప్రచురించారు. మరోవైపు, 1917 నుంచి 1954 వరకు భద్రపరచిన పేగు బాక్టీరియా నమూనాలను 1983లో హ్యూస్, దత్తా పరీక్షిస్తే, సంయుగ్మం జరపగల ప్లాస్మిడ్‌లు వాటిలోనూ తరచుగానే కనబడ్డాయి, కానీ ఆ ప్లాస్మిడ్‌ల మీద నిరోధక జన్యువులు దాదాపు లేవు. అంటే వాహనమూ పాతదే, జన్యువూ పాతదే. మన కాలంలో జరిగినది ఈ రెండూ జతపడటం.

నాగావళి

చాలా స్పష్టంగా ఉంది, సూక్ష్మదర్శిని గారూ. పాఠంలో ఉన్న మూడు ప్రక్రియలనూ ఒకే జీవిలో చూపగల ఉదాహరణ ఏదైనా ఉందా? మూడు వేర్వేరు బాక్టీరియాలను చెబితే పిల్లలకు అవి మూడు విడి ప్రయోగాలుగానే మిగిలిపోతున్నాయి.

గోస్తని

నాగావళి గారూ, మీరు అడిగినదానికి కలరా బాక్టీరియా కంటే తగిన ఉదాహరణ నాకు తెలియదు. నేను పరిశోధక విద్యార్థిని, బాక్టీరియా జన్యుక్రమాలను పోల్చే పని చేస్తున్నాను. ఇది కొంచెం పొడవుగానే రాస్తాను, మన్నించాలి.

విబ్రియో కలరే ప్రధానంగా నీటి జీవి. సముద్రపు నీరు, మంచినీరు కలిసే చోట్ల రొయ్య జాతికి చెందిన అతి చిన్న జీవుల పెంకులకు అంటుకుని బతుకుతుంది. వీటిలో అత్యధికం మనకు ఏ హానీ చేయవు. మహమ్మారి తెచ్చే రకం విరేచనాలు కలిగించడానికి కారణం ఒక విషపదార్థమని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగు మీద ప్రయోగాలతో నిరూపించారు. ఆ విషపు జన్యువులు అసలు బాక్టీరియావి కావు, సిటిఎక్స్ అనే తీగలాంటి ఫేజ్‌వి, అంటే బాక్టీరియాకు సోకే వైరస్‌వి అని 1996లో వాల్డర్, మెకలానోస్ చూపారు. ఈ ఫేజ్ కలరా క్రోమోజోమ్‌లో చేరిపోయి దానితోపాటే ప్రతులు తీయించుకుంటుంది, అవసరమైనప్పుడు బయటకు కూడా వస్తుంది. క్రోమోజోమ్‌లో చేరడానికి దీనికి సొంత ఎంజైమ్ కూడా లేదు. క్రోమోజోమ్ ప్రతులను విడదీయడానికి కణం వాడుకునే ఎంజైమ్‌లనే ఇది అరువు తీసుకుంటుంది. ఇక ఫేజ్ కణంలోకి ప్రవేశించడానికి పట్టుకునే కొక్కెం బాక్టీరియా ఉపరితలం మీద ఉండే ఒక రకం పైలస్, అంటే సన్నని పోగు. ఆ పైలస్ జన్యువులు కూడా బయటి నుంచి వచ్చి చేరిన ఒక పెద్ద డీఎన్ఏ ఖండంలోనివే. పేగు గోడల మీద గుంపుకట్టడానికి బాక్టీరియాకు ఆ పైలస్ తప్పనిసరి. పైలస్ ముందు రావాలి, తరువాతే విషం రాగలదు. ఎలుకల పేగులో ఈ ఫేజ్ వ్యాప్తి ప్రయోగశాల గాజుపాత్రలో కంటే ఎక్కువగా జరిగిందని కూడా వారు గమనించారు, పైలస్ తయారయ్యేది అక్కడే కనుక అది సహజమే. మీ పాఠంలోని జన్యు వహనానికి ఇది దగ్గరి బంధువు. తేడా ఏమిటంటే ఇక్కడ ఫేజ్ మోసుకొచ్చేది ఇంకొకరి జన్యువును కాదు, తన జన్యువునే.

ఇక సంయుగ్మం. 1992 చివరలో మద్రాసులో ఒక కొత్త రకం కలరా బయలుదేరింది. కలరా బాక్టీరియాలో రెండు వందలకు పైగా ఉపరితల రకాలు ఉన్నా అప్పటి వరకు మహమ్మారులను తెచ్చినది ఓ1 ఒక్కటే. మద్రాసులో కనిపించినది ఓ139. కొద్ది నెలల్లో అది కలకత్తాకు, బంగ్లాదేశ్‌కు పాకింది. పాత కలరాకు అలవాటుపడిన రోగనిరోధక శక్తి దీని మీద పనిచేయలేదు గనుక పెద్దవారు కూడా ఎక్కువగా జబ్బుపడ్డారు. ఆ మద్రాసు నమూనాలో దాదాపు లక్ష డీఎన్ఏ అక్షరాల పొడవున్న ఎస్ఎక్స్‌టి అనే ఖండం దొరికింది. సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్, స్ట్రెప్టోమైసిన్‌లకు నిరోధకత దానిదే. అది ప్లాస్మిడ్‌లా విడిగా ఉండదు, క్రోమోజోమ్‌లోనే ఒక నిర్దిష్ట స్థానంలో కూర్చుంటుంది. కానీ సమయం వచ్చినప్పుడు కత్తిరించుకుని వలయంగా మారి, సంయుగ్మం ద్వారా పక్క కణానికి దాటి, అక్కడి క్రోమోజోమ్‌లో అదే స్థానంలో చేరుతుంది. దీని కుటుంబంలోదే ఆర్391 అనే ఖండం 1967లోనే దక్షిణాఫ్రికాలో వేరొక బాక్టీరియాలో దొరికింది. ఓ139 తరువాతి సంవత్సరాలలో వెనుకబడిపోయింది, కానీ ఎస్ఎక్స్‌టి కుటుంబం ఓ1 రకంలో స్థిరపడి ఆసియా అంతటా వ్యాపించింది. మనం బాక్టీరియా రకాన్ని మాత్రమే లెక్కపెట్టి ఉంటే 1992 నాటి సంఘటన ముగిసిపోయిందని అనుకునేవాళ్లం.

మూడోది జన్యు పరివర్తన. ఓ139 ఎలా పుట్టిందన్నదానికి సమాధానం ఇక్కడ ఉంది. దాని జన్యుక్రమం 1961లో ఇండోనేషియాలోని సులవేసిలో మొదలైన ఏడో మహమ్మారి రకంతో దాదాపు ఒకటే. ఉపరితల చక్కెరలను తయారుచేసే జన్యువుల గుంపు మాత్రం మొత్తంగా మారిపోయింది. కైటిన్ మీద, అంటే రొయ్య జాతి పెంకులలో ఉండే పదార్థం మీద పెరుగుతున్నప్పుడు కలరా బాక్టీరియా చుట్టూ ఉన్న డీఎన్ఏను లోపలికి లాక్కునే సామర్థ్యాన్ని పొందుతుందని 2005లో కనుగొన్నారు. 2007లో బ్లోకెష్, స్కూల్నిక్‌లు కైటిన్ మీద పెరుగుతున్న ఓ1కు ఓ139 డీఎన్ఏను అందిస్తే అది ఓ139గా మారుతుందని చూపారు. గ్రిఫిత్ ఎలుకలో జరిగినదే ఇక్కడ పెంకు మీద జరిగింది. 2015లో మరో సంగతి బయటపడింది: కైటిన్ మీద ఉన్నప్పుడు ఇది పక్క కణాలను బల్లెంలాంటి పరికరంతో పొడిచి చంపి, వాటి నుంచి చిందిన డీఎన్ఏను తీసుకుంటుంది. కాబట్టి పరివర్తనకు డీఎన్ఏ ఎక్కడి నుంచి వస్తుందని పిల్లలు అడిగితే, చచ్చిన కణాల నుంచి అని మాత్రమే కాకుండా, చంపిన కణాల నుంచి కూడా అని చెప్పవచ్చు.

మంజీర

గోస్తని గారి వివరణ చదివాక మా సంగారెడ్డి జిల్లా సంగతి ఒకటి చెప్పాలనిపించింది. నేను పర్యావరణ రసాయన శాస్త్రంలో పనిచేస్తున్నాను.

2007లో స్వీడన్ పరిశోధకుడు లార్సన్ బృందం పటాన్‌చెరులో సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థ జలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి వెలువడే నీటిని పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రచురించింది. మందు మింగిన రోగి రక్తంలో చేరే మోతాదు కంటే ఇది ఎక్కువ. ఈ అంకెను మన పత్రికలు చాలాసార్లు రాశాయి. జన్యువుల సంగతి మాత్రం అంతగా రాయలేదు. 2011లో అక్కడి ఇసకవాగు మడ్డిలోని డీఎన్ఏ మొత్తాన్ని చదివిన అధ్యయనం వచ్చింది. ఆ మడ్డిలో నిరోధక జన్యువులతో పాటు ఇంటెగ్రాన్‌లు, ట్రాన్స్‌పోజాన్‌లు, ప్లాస్మిడ్‌లు కూడా చాలా ఎక్కువగా ఉన్నాయి. కాలుష్యంలో ప్రధానమైనది సిప్రోఫ్లాక్సాసిన్ వంటి ఫ్లోరోక్వినోలోన్‌లు అయినా, సల్ఫోనమైడ్‌ల వంటి ఇతర తరగతుల మందులను తట్టుకునే జన్యువులు కూడా వాటితో కలిసి పెరిగాయి. ఆర్100 నిర్మాణం గురించి సూక్ష్మదర్శిని గారు పైన చెప్పింది చదివితే దీనిలో వింత లేదు: ఒకే ఖండం మీద పది జన్యువులు ఉన్నప్పుడు ఏ ఒక్క మందు ఉన్నా పదీ మిగులుతాయి.

శుద్ధి కేంద్రాల పని తీరులోనే ఒక చిక్కు ఉందని నా అభిప్రాయం. వ్యర్థాలను విరగగొట్టడానికి బాక్టీరియాను దట్టంగా పెంచుతాం, గాలి కొడతాం, ఔషధ వ్యర్థాలకు గృహ మురుగునీటిని కూడా కలుపుతాం. మనిషి పేగు నుంచి వచ్చిన బాక్టీరియా, నీటి బాక్టీరియా, మందు ఈ మూడూ ఒకే తొట్టిలో రోజుల తరబడి కలిసి ఉంటాయి. జన్యు మార్పిడికి ఇంతకంటే అనువైన చోటు కట్టాలన్నా కట్టలేం.

ప్రసంగవశాత్తు ఒక మాట. జపాన్‌లో షిగెల్లా తట్టుకున్న నాలుగు మందులలో టెట్రాసైక్లిన్ ఒకటి. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1948లో ప్రకటించినప్పుడు దానిని కనుగొన్న డగ్గర్ పనిచేసిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

వైద్యమిత్ర

నేను ఆసుపత్రిలో పనిచేసే వైద్యుడిని. చర్చ ఇంతవరకు బాగుంది కానీ, వైద్యులు తరచుగా నమ్మే ఒక విషయాన్ని ఇక్కడ పరీక్షకు పెట్టాలి. మందు వాడకం తగ్గిస్తే నిరోధకత దానంతట అదే తగ్గిపోతుందని మేము చెబుతుంటాం. అనవసరపు జన్యువును మోయడం బాక్టీరియాకు భారం కాబట్టి వదిలేస్తుందని కారణం కూడా చెబుతాం. బ్రిటన్‌లో 1990లలో సల్ఫోనమైడ్ వాడకం దాదాపు 97 శాతం తగ్గింది. లండన్‌లోని ఒక ఆసుపత్రిలో ఇ. కోలై నమూనాలను పరీక్షిస్తే సల్ఫోనమైడ్ నిరోధకత 1991లో 39.7 శాతం ఉండగా 1999లో 46.0 శాతం ఉంది. తగ్గలేదు సరికదా, ఉన్నచోటే నిలిచింది లేదా కాస్త పెరిగింది. దీనికి ఇక్కడివారి వివరణ ఏమిటి?

సూక్ష్మదర్శిని

వైద్యమిత్ర గారూ, మూడు కారణాలు కలిసి పనిచేస్తాయని అనుకుంటున్నాను. మొదటిది మంజీర గారు చెప్పినదే: సల్ఫోనమైడ్ జన్యువు ఇంకా వాడుకలో ఉన్న మందుల జన్యువుల పక్కనే ఉంది. రెండోది, ప్లాస్మిడ్ మోసే భారం కొన్ని వందల తరాలలో ప్లాస్మిడ్‌లోనో క్రోమోజోమ్‌లోనో వచ్చే చిన్న ఉత్పరివర్తనలతో తగ్గిపోతుందని ప్రయోగాలు చూపాయి. మూడోదానిని మనం తేలికగా మరచిపోతాం. ప్లాస్మిడ్‌కు తన మనుగడ గురించి సొంత ఏర్పాట్లు ఉన్నాయి. ఆర్1 అనే ప్లాస్మిడ్ ఒక విషాన్నీ దాని విరుగుడునూ కలిపి తయారుచేయిస్తుంది. విషపు సందేశం ఎక్కువసేపు నిలుస్తుంది, విరుగుడు త్వరగా నశిస్తుంది. కణ విభజనలో ప్లాస్మిడ్ దక్కని పిల్ల కణంలో విరుగుడు అయిపోయి విషం మిగిలి అది చస్తుంది. బాక్టీరియా ప్లాస్మిడ్‌ను "వదిలేస్తుంది" అన్నప్పుడు ఆ నిర్ణయం బాక్టీరియా చేతిలో ఉందని అనుకుంటున్నాం.

వైద్యమిత్ర

సరే. అయితే దీనికి అనుబంధంగా ఇంకొకటి. మేము ఇచ్చే మందే ఈ బదిలీని వేగవంతం చేస్తుందని విన్నాను. అది ఎంతవరకు నిజం?

గోస్తని

ప్రయోగశాల స్థాయిలో అది నిజమే. నేను పైన చెప్పిన ఎస్ఎక్స్‌టి మామూలుగా సెట్ఆర్ అనే ప్రోటీన్ అణచివేతలో ఉంటుంది. కణం డీఎన్ఏ దెబ్బతింటే మొదలయ్యే ఎస్ఓఎస్ ప్రతిస్పందనలో ఆ సెట్ఆర్ తెగిపోతుంది, ఖండం బయటపడి దాటడం మొదలుపెడుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ డీఎన్ఏను దెబ్బతీసే మందు కాబట్టి అది కూడా ఈ బదిలీని పెంచుతుందని 2004లో వాల్డర్ బృందం చూపింది. ఇంటెగ్రాన్‌లలో జన్యువుల వరుసను మార్చే ఎంజైమ్ కూడా ఇదే ఎస్ఓఎస్ ఆధీనంలో ఉందని 2009లో తెలిసింది. మన పేగులో విరివిగా ఉండే బాక్టీరాయిడ్స్‌లో అయితే టెట్రాసైక్లిన్ తగిలిన తరువాత ఒక సంయుగ్మ ట్రాన్స్‌పోజాన్ (మామూలు ట్రాన్స్‌పోజాన్‌లా కాక, ఎస్ఎక్స్‌టి లాగా తానే కణం దాటగలది) బదిలీ వంద నుంచి వెయ్యి రెట్లు పెరుగుతుంది. అంటే మందు బతికి మిగిలిన కణాలను ఎంపిక చేయడంతో ఆగదు, ఎంపికకు కావలసిన వైవిధ్యాన్ని కూడా పుట్టిస్తుంది.

కానీ గాజుపాత్రలోని వెయ్యి రెట్లు రోగి పేగులో కూడా వెయ్యి రెట్లే అని రాసేవారితో నేను ఏకీభవించను. పేగులో కణాల సాంద్రత, ఆహారం, పొరుగు జాతులు అన్నీ వేరు. మందు ఉన్నప్పుడు దాటిన కణాల సంఖ్య పెరిగితే, అది బదిలీ పెరిగినందువల్లా, లేక దాటినవి మాత్రమే బతికినందువల్లా అని విడదీయడం అంత తేలిక కాదు.

సందేహి

ఇంత సులభంగా జన్యువులు దాటిపోతుంటే జాతులన్నీ కలిసి ఒకే ముద్ద కావాలి కదా? ఇ. కోలై అని, కలరా అని పేర్లు ఇంకా ఎలా నిలిచి ఉన్నాయి?

గోస్తని

కొంత మేరకు ముద్ద అయ్యాయనే చెప్పాలి. 2002లో మూడు ఇ. కోలై రకాల జన్యుక్రమాలను పోలిస్తే, మూడింటిలో కలిపి ఉన్న ప్రోటీన్‌లలో 39.2 శాతమే మూడింటికీ ఉమ్మడిగా ఉన్నాయి. వాటిలో ఒకటి ప్రయోగశాల రకం, ఒకటి రక్త విరేచనాలు కలిగించేది, మరొకటి మూత్రనాళానికి సోకేది. మూడింటినీ ఒకే జాతి పేరుతో పిలుస్తున్నాం.

అయినా హద్దులు ఉన్నాయి. డీఎన్ఏ ప్రతులు తీయడం, ప్రోటీన్‌లు తయారుచేయడం వంటి పనుల జన్యువులు అనేక ఇతర ప్రోటీన్‌లతో కలిసి పనిచేయాలి గనుక అవి బయటి నుంచి వచ్చి ఇమడటం అరుదు. ఒకే తరహా నియంత్రణ గల రెండు ప్లాస్మిడ్‌లు ఒక కణంలో కలిసి నిలవలేవు. బయటి డీఎన్ఏను కత్తిరించే ఎంజైమ్‌లు ఉన్నాయి, సోకిన ఫేజ్ డీఎన్ఏను గుర్తుపెట్టుకుని కత్తిరించే క్రిస్పర్ వ్యవస్థ ఉంది. పైగా ఈ రక్షణలు కూడా కదిలే ఖండాల మీదే ఉంటున్నాయి. కలరా బాక్టీరియాను చంపే ఐసిపి1 అనే ఫేజ్ బంగ్లాదేశ్ రోగుల మలంలో దొరికింది. దానిని అడ్డుకునేందుకు కొన్ని కలరా రకాలలో పిఎల్ఇ అనే ఖండం ఉంది. ఆ ఖండాన్ని ముక్కలు చేయడానికి ఐసిపి1 తనే ఒక క్రిస్పర్ వ్యవస్థను మోస్తోందని 2013లో తేలింది, అంటే బాక్టీరియా ఆయుధం వైరస్ చేతికి వెళ్లింది. 2021లో ఇంకో పొర బయటపడింది: ఎస్ఎక్స్‌టి కుటుంబపు ఖండాలు కూడా ఫేజ్‌లను ఆపే జన్యువులను మోస్తున్నాయి. మందు లేనిచోట కూడా ఎస్ఎక్స్‌టి ఎందుకు నిలిచి ఉందన్నదానికి, వైద్యమిత్ర గారు అడిగిన ప్రశ్నకు కూడా, ఇది అదనపు సమాధానం అవుతుంది.

నాగావళి

ఇక నుంచి ఈ మూడు ప్రక్రియలను కలరా ఉదాహరణతో పరిణామం పాఠంలో కూడా చెబుతాను. చివరిగా ఒక చిన్న ప్రశ్న. ఒక జన్యువు బయటి నుంచి వచ్చిందని జన్యుక్రమం చూసి ఎలా గుర్తిస్తారు?

గోస్తని

ఒకే గుర్తు మీద ఆధారపడం. డీఎన్ఏలోని నాలుగు అక్షరాలలో జి, సి అక్షరాల నిష్పత్తి చుట్టూ ఉన్న డీఎన్ఏతో పోలిస్తే తేడాగా ఉండటం, ఖండం ఒక టిఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీలో అమైనో ఆమ్లాన్ని మోసే ఆర్ఎన్ఏ) జన్యువు చివర మొదలవడం, రెండు కొసల వద్ద ఒకే చిన్న వరుస పునరావృతం కావడం, లోపల ఖండాన్ని డీఎన్ఏలో చేర్చే ఇంటెగ్రేజ్ లేదా ట్రాన్స్‌పోజేజ్ ఎంజైమ్ జన్యువు కనిపించడం, ఆ జన్యువు వంశవృక్షం బాక్టీరియా వంశవృక్షంతో పొసగకపోవడం, వీటిలో కొన్నయినా కలిసి రావాలి. చాలా కాలం క్రితం వచ్చిన జన్యువుల అక్షరాల నిష్పత్తి క్రమంగా ఆతిథేయి నిష్పత్తికి దగ్గరవుతుంది గనుక మొదటి గుర్తు కొత్తవాటికే పనికొస్తుంది. మరొక ఆచరణాత్మక ఇబ్బంది కూడా ఉంది. డీఎన్ఏను చిన్న ముక్కలుగా చదివే పద్ధతిలో ఐఎస్ వరుసలు ఒకేలా అనేక చోట్ల ఉండటం వల్ల ముక్కలను ఎక్కడ అతకాలో తెలియదు. జన్యువు ఉందని తెలుస్తుంది గానీ అది క్రోమోజోమ్ మీద ఉందో ప్లాస్మిడ్ మీద ఉందో చెప్పలేం. వేల అక్షరాలను ఏకబిగిన చదివే పద్ధతులు వచ్చాకే ఆ చిక్కు చాలావరకు విడింది. మీ విద్యార్థులకు ఆసక్తి ఉంటే, ఆర్100 పూర్తి జన్యుక్రమం బహిరంగ జన్యు నిధులలో ఉచితంగా దొరుకుతుంది. దానిలో టిఎన్10, టిఎన్21, ఐఎస్1 సరిహద్దులను వారు స్వయంగా గుర్తించవచ్చు.